పగులు మీద మ్యాట్ వేసి మూసెయ్యకు తమ్ముడూ

ప్రశ్న: అన్నా నమస్తే. మాది గంజాం జిల్లా రంభ, ఇంట్లో తెలుగే. మా మావయ్య షిప్పుల్లో పనిచేసి రిటైరయ్యాక ఒక విదేశీ జంట దగ్గర పాత ట్రైమరాన్ కొన్నారు, అంటే మధ్యలో పెద్ద పడవ, రెండు పక్కలా సన్నటి ఫ్లోటులు, వాటిని కలుపుతూ ముందొకటి వెనకొకటి అడ్డదూలాలు ఉండే తెరచాప పడవ, 31 అడుగులు, ప్లైవుడ్ మీద ఫైబర్, 1970ల్లో ఎవరో సొంతంగా ఇంటి దగ్గర కట్టుకున్నదట. ఆయన పోయాక రెండేళ్ళు చిలికాలో లంగరు మీదే ఉండిపోయింది. మొన్న ఏప్రిల్‌లో తెరచాప ఎత్తి తిప్పుతుంటే కాలవైశాఖి, అదే వేసవిలో హఠాత్తుగా వచ్చే ఉరుముల గాలివాన, కొట్టింది, ఎడమ ఫ్లోటు దగ్గర టప్పుమని శబ్దం వచ్చింది. ముందు అడ్డదూలం ఫ్లోటుని కలిసే చోట జానెడు పగులు, అల వచ్చినప్పుడల్లా తెరుచుకుని మూసుకుంటోంది, గోధుమరంగు నీళ్ళు కారుతున్నాయి. ఫైబర్ మేస్త్రి రెండు పొరలు మ్యాట్, అదే గాజుపోగుల గుడ్డ, వేస్తే చాలంటున్నాడు, వెల్డర్ ఇనుప చానెల్ బిగిద్దామంటున్నాడు, అమ్మ అమ్మేయమంటోంది. దసరాకి మళ్ళీ నీళ్ళలో దించాలని నా ఆశ. ఏం చెయ్యమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పడవని ఇంకోసారి తిప్పకు. గాలి లేదు కదా, ఒడ్డు పక్కనే కదా అని కూడా వద్దు. పగులు అలకి తెరుచుకుని మూసుకుంటోంది అని రాశావు, అంటే లోపల కర్ర ఇప్పటికే తెగిపోయి పైనున్న ఫైబర్ తొక్క మీదే దూలం నిలబడి ఉందేమో అని నా భయం, ఆ తొక్క ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. చిలికా లోతు తక్కువే, చాలా చోట్ల మనిషి నిలబడొచ్చు, నిజమే, కానీ గాలిలో ఆ ఫ్లోటు విరిగితే పడవ ఆ పక్కకి బోర్లా పడిపోతుంది, అడుగున బరువు లేని పడవ కాబట్టి మళ్ళీ తనంతట లేవదు, తెరచాప కింద తాళ్ళలో ఇరుక్కున్న మనిషికి నీళ్ళు ఛాతీ లోతైతే ఏంటి, నిలువు లోతైతే ఏంటి.

ఇప్పుడు ఎందుకు విరిగిందో చెప్తాను, అది అర్థమైతే మేస్త్రికి ఏం చెప్పాలో నీకే తెలుస్తుంది. మామూలు తెరచాప పడవని గాలి తోస్తే ఒరుగుతుంది, ఆ ఒరగడంలో గాలి జోరు కొంత జారిపోతుంది. మీ మావయ్య పడవ అలా ఒరగదు, ఫ్లోటు ఒరగనివ్వదు, కాబట్టి తోపు అంతా అడ్డదూలాలే మోయాలి. కావడిబద్దని తిరగేసి ఊహించుకో. కావడికి మధ్యలో భుజం పైకి తోస్తుంది, రెండు కొసలూ కిందకి వేలాడతాయి. ఇక్కడ మధ్యలో తెరచాప స్తంభం కిందకి నొక్కుతుంది, గాలి వాలున ఉన్న ఫ్లోటుని నీళ్ళు పైకి తోస్తాయి, అవతలి కొసని స్తంభం పక్క తీగ పైకి లాగుతుంది. దీనికి తోడు ఫ్లోటు ముక్కు అలలో దిగినప్పుడల్లా దూలం మెలి తిరుగుతుంది. ఒక్క గంట ప్రయాణంలో ఎన్ని వందల సార్లు తిరుగుతుందో లెక్కేసుకో. ఆ మెలి మొత్తం వచ్చి చేరేది దూలం ఫ్లోటుని కలిసే మూలలోకే, నీకు పగులు కనపడిందీ అక్కడే.

కానీ కాలవైశాఖి వల్లే విరిగిందని నేను అనుకోవడం లేదు. గాలి చివరి దెబ్బ వేసింది అంతే. నీ ఉత్తరంలో అసలు సంగతి గోధుమరంగు నీళ్ళు. శుభ్రమైన కర్రలోంచి టీ డికాషన్ లాంటి నీళ్ళు రావు, అది కుళ్ళిన కర్ర రసం. చాలామంది ఉప్పునీళ్ళు కర్రని తినేస్తాయి అనుకుంటారు, కుళ్ళు సంగతిలో అది తిరగేసిన మాట. కుళ్ళు అనేది బూజు జాతి, దానికి తేమా గాలీ రెండూ కావాలి, ఉప్పు దానికి పడదు. పాత రోజుల్లో పెద్ద కొయ్య ఓడలు కట్టినప్పుడు చట్రాల మధ్య సందుల్లో ఉప్పు పోసేవాళ్ళు, అందుకే. మీ పక్కనే హుమాలో ఉప్పు మళ్ళున్నాయి కదా, ఆ ఉప్పు పడవకి శత్రువు కాదు తమ్ముడూ, శత్రువు వాన. డెక్ మీద బోల్టు తలకాయ చుట్టూ సీలెంట్ ఎండిపోయి వెంట్రుకంత సందు వస్తే చాలు, రెండు వర్షాకాలాల వాన అందులోంచి దూలం లోపలికి దిగి, ఆరే దారి లేని పెట్టెలో ఊరుతూ ఉంటుంది.

ఆ కాలం పడవల కథ కూడా కొంచెం తెలియాలి. 1960లో ఆర్థర్ పైవర్ అనే అమెరికన్ తను ప్లైవుడ్‌తో కట్టుకున్న 30 అడుగుల ట్రైమరాన్ మీద అట్లాంటిక్ దాటాడు, ఆ తర్వాత ఆయన ప్లాన్లూ, జిమ్ బ్రౌన్, నార్మన్ క్రాస్ లాంటి వాళ్ళ ప్లాన్లూ కొనుక్కుని ఎందరో మామూలు జనం పెరట్లో పడవలు కట్టుకున్నారు. గొప్ప సంగతే. కాకపోతే పెరట్లో కట్టిన పడవ అంటే కట్టినవాడి చెయ్యి ఎలా ఉంటే పడవ అలా ఉంటుంది, ఒకే ప్లాన్ మీద కట్టిన రెండిట్లో ఒకటి ఇప్పటికీ గట్టిగా ఉంటే ఇంకోటి పదేళ్ళకే మెత్తబడిపోయింది. పైగా అప్పట్లో చాలామంది ప్లైవుడ్ మీద పాలిస్టర్ రెసిన్‌తో ఫైబర్ అంటించారు. పాలిస్టర్ కర్రని గట్టిగా పట్టదు, కొన్నేళ్ళకి పొర లేస్తుంది, పైకి చూస్తే తళతళలాడుతూ ఉంటుంది, కిందంతా నీళ్ళు నడుస్తుంటాయి.

అందుకే రెండు పొరల మ్యాట్ మాట వింటేనే నాకు గుండె జారింది. ఆ పని నేను చేసి చూశాను. చాలా ఏళ్ళ కింద బారువ వైపు ఒక ఫైబర్ తెప్ప నా దగ్గరికి వచ్చింది, వెనక ఇంజను తగిలించే పలక దగ్గర సన్న పగులు. వేట జోరుగా ఉన్న రోజులు, వాళ్ళకి తొందర, నేను గ్రైండర్ పెట్టి గరుకు చేసి మూడు పొరలు వేసి సాయంత్రానికి ఇచ్చేశాను. ఇరవై రోజులు తిరక్కుండా అలల్లో ఆ పలక ఇంజనుతో సహా ఊడొచ్చింది. నలుగురు కుర్రాళ్ళు పక్క తెప్పవాళ్ళ పుణ్యాన ఒడ్డున పడ్డారు. తర్వాత ఆ పలక ముక్క చేతిలోకి తీసుకున్నాను, లోపల ప్లైవుడ్ నానబెట్టిన అటుకుల్లా ఉంది, బొటనవేలితో నొక్కితే వేళ్ళ మధ్య పిండిలా నలిగింది, నల్లటి నీళ్ళు మణికట్టు దాకా కారాయి. నేను వేసిన మూడు పొరలు మాత్రం ఎలా వేసినవి అలాగే ఉన్నాయి, చిన్న గీత కూడా లేదు. ఆ ఇంజను డబ్బులు సగం నేనే కట్టాను, అది పెద్ద విషయం కాదు, ఆ నలుగురిలో ఒకడికి ఈత సరిగ్గా రాదని తర్వాత తెలిసింది, అది మాత్రం ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

వెల్డర్ చెప్పేది కూడా వద్దు. అతను మంచి మనసుతోనే చెప్తున్నాడు, కానీ ఇనుప చానెల్ వంగదు, దూలం వంగుతుంది, చానెల్ ఎక్కడ ఆగిపోతుందో సరిగ్గా ఆ అంచు దగ్గర దూలం మళ్ళీ విరుగుతుంది. మన తీరంలో పాత కుట్టు పడవలు గుర్తుచేసుకో, మేకు లేకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు, గోపాల్‌పూర్ లాంటి అలల ఒడ్డు మీద అది ఒళ్ళంతా కొంచెం కొంచెం వంగుతూ బతికేది, ఎక్కడా ఒకచోట గట్టిగా ఇంకోచోట మెత్తగా ఉండేది కాదు. రిపేర్‌లో కూడా అదే చూసుకోవాలి, కొత్త గట్టిదనం పాతదాంట్లోకి మెల్లగా కరిగిపోవాలి.

సరే, ఇక పని. ముందు పడవని ఒడ్డెక్కించు. తూర్పు తీరంలో వేట నిషేధం జూన్ 14 దాకా ఉంటుంది కాబట్టి మెకనైజ్డ్ బోట్లలో పనిచేసే మనవాళ్ళు, ఒడియాలో నోలియా అంటారే వాళ్ళు, ఇప్పుడు ఖాళీగా దొరుకుతారు, ఇసక మీద బోటు లాగడం వాళ్ళకి తెలిసినంత ఏ క్రేన్ ఆపరేటర్‌కీ తెలియదు. తాడు మాత్రం మధ్య పడవకే కట్టమను, ఫ్లోటుకి, దూలానికి అస్సలు కట్టొద్దు. స్తంభం దించెయ్యి, లోపల సామానంతా తీసెయ్యి. మధ్య పడవని దుంగల మీద కూర్చోబెట్టి, ఎడమ ఫ్లోటు కింద మూడు చోట్ల ఇసక బస్తాలు పేర్చి దాని బరువు దూలం మీద లేకుండా చెయ్యి.

కోత మొదలుపెట్టేముందు కొలతలు రాసుకో, ఇది మర్చిపోయినవాళ్ళు తర్వాత ఏడ్చారు. మధ్య పడవ ముక్కు నుంచి రెండు ఫ్లోటుల ముక్కులకి దూరం, వెనక కూడా అలాగే, ఎడమా కుడీ సమానంగా ఉండాలి. ఎత్తులకి తాపీమేస్త్రి వాడే నీళ్ళ గొట్టం చాలు, లేజర్ అక్కర్లేదు. ఎడమ ఫ్లోటు ఇప్పటికే పైకి లేచిపోయి ఉంటే బస్తాలు తీస్తూ వేస్తూ కుడిదానితో సమానం చేసి, అప్పుడు పని మొదలుపెట్టు, లేకపోతే వంకరని అలాగే అతికేస్తావు.

తర్వాత కొట్టి చూడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం కదా, అదే విద్య. చిన్న సుత్తి, దాని పిడి వైపు అయినా పర్లేదు, దూలం పొడుగునా రెండు అంగుళాలకో దెబ్బ. మంచి కర్ర టక్ టక్ అని పలుకుతుంది, పొర లేచిన చోట డొల్లగా, కుళ్ళిన చోట బస్తా మీద కొట్టినట్టు మొద్దుగా ఉంటుంది. శబ్దం మారిన చోటల్లా చాక్‌పీసుతో గీత గియ్యి. అనుమానం ఉన్నచోట సన్న డ్రిల్ బిట్‌తో కన్నం వేసి బిట్ చుట్టూ వచ్చే పొట్టు చూడు, తెల్లగా పొడిగా చుట్టలు చుట్టుకుని వస్తే సంతోషం, నల్లగా ముద్దగా వస్తే అక్కడ పోయింది. పగులు ఉన్న ఒక్క మూలే కాదు తమ్ముడూ, నాలుగు దూలం కొసలూ చూడు, స్తంభం కింద మధ్య పడవలో ఉండే అడ్డగోడ చూడు, పక్క తీగలు పట్టే ఉక్కు పట్టీలు చూడు. నాలుగూ ఒకే ఏడు కట్టినవి, ఒకే వానలో తడిసినవి.

బోల్టులు అన్నీ బయటికి లాగాలి. స్టెయిన్‌లెస్ కదా అనుకోకు. స్టెయిన్‌లెస్ మెరుస్తూ ఉండాలంటే దానికి గాలి తగలాలి, తడి కర్రలో గాలి అందకుండా ఏళ్ళు ఉంటే నడుము దగ్గర తినేస్తుంది. తల అద్దంలా ఉంటుంది, నట్టు బాగుంటుంది, లాగితే మధ్యలో చెరుకు కొరికినట్టు సన్నబడి ఉంటుంది. ఒక్కటి అలా వచ్చినా మొత్తం మార్చెయ్యి, 316 గ్రేడువే తీసుకో, 304 చవక అని తేవద్దు. ఉక్కు పట్టీలకి వెల్డింగ్ సామాన్ల షాపులో ఎర్ర రంగు, తెల్ల పొడి స్ప్రే డబ్బాలు దొరుకుతాయి, కంటికి కనపడని పగులు ఉంటే తెల్లదాని మీద ఎర్ర గీతగా తేలుతుంది.

ఇప్పుడు దూలం లోపలికి. నీ కాలం పడవల్లో చాలావరకు దూలం అంటే పెట్టె, పైనా కిందా మందపాటి కర్ర, రెండు పక్కలా ప్లైవుడ్. వంపు బరువు మోసేది పైనా కిందా ఉన్న కర్రలు, పక్క ప్లైవుడ్ ఆ రెండిటినీ పట్టి ఉంచుతుంది. కాబట్టి చూడ్డానికి కోసేది పక్క ప్లైవుడ్ మధ్య ఎత్తులోనే, మూలలు గుండ్రంగా, చతురస్రంగా కోస్తే మూల నుంచి కొత్త పగులు పుడుతుంది. లోపల టార్చి వేసి చూసి, కుళ్ళు ఎంతవరకు పోయిందో అక్కడితో ఆగకుండా ఇంకొంచెం మంచి కర్రలోకి వెళ్ళి కొయ్యి. కొత్త కర్ర ముక్కని నిలువుగా కోసి ఎదురెదురు ఆనించి అంటిస్తే ఆ అతుకుకి బలం ఉండదు, ఏటవాలుగా కొయ్యాలి. మందపాటి కర్రకి ఒకటికి పన్నెండు, అంటే 40 మిల్లీమీటర్ల మందానికి 480 మిల్లీమీటర్ల వాలు, ప్లైవుడ్‌కి ఒకటికి ఎనిమిది చాలు, 9 మిల్లీమీటర్ల షీటుకి 72. పై కర్ర అతుకు, కింది కర్ర అతుకు, ప్లైవుడ్ అతుకు మూడూ ఒకే చోట పడకుండా జరపు.

కర్ర ఏది అంటే బరంపురంలో వడ్రంగిని అడిగితే ముందు సాల్ కర్రే చూపిస్తాడు, ఒడిశాలో గుమ్మాలన్నీ దాంతోనే కదా. గుమ్మానికి మంచిదే, దీనికి వద్దు, చాలా బరువు, జిగురు సరిగ్గా పట్టదు. టేకు కూడా నూనె కర్ర, అంటించే ముందు సాల్వెంట్‌తో తుడవకపోతే జారిపోతుంది. పెద్ద టింబర్ డిపోల్లో దిగుమతి డగ్లస్ ఫర్ దొరుకుతుంది, ముడులు లేకుండా గీతలు తిన్నగా ఉన్నది ఏరుకో. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర, అంటే నీళ్ళకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ముద్ర, ఉండాలి, అయినా నమ్మకుండా ఒక చిన్న ముక్క కోసి ఇంట్లో గిన్నెలో ఒక పూటంతా ఉడకబెట్టు, పొరలు విడిపోతే షాపువాడికి తిరిగిచ్చెయ్యి.

అంటించేది ఎపాక్సీతోనే, అంటే రెసిన్, హార్డెనర్ రెండూ కలిపితే గట్టిపడే జిగురు, ఇక్కడే మీ ఫైబర్ మేస్త్రితో కూర్చుని నెమ్మదిగా మాట్లాడాలి. అతను పాలిస్టర్ మీద చెయ్యి తిరిగినవాడు, పాలిస్టర్‌లో ఎండ ఎక్కువైతే హార్డెనర్ తగ్గించడం, మబ్బు పడితే ఇంకో మూత పొయ్యడం అలవాటు. ఎపాక్సీలో ఆ అలవాటు పనికిరాదు. డబ్బా మీద ఎంత పాళ్ళు రాసుంటే అంతే, ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, ఎప్పటికీ మెత్తగా రబ్బరులా ఉండిపోతుంది. తూకం వేసి కలపండి, కూరగాయల కాటా కాదు, నగల షాపు లాంటి చిన్న డిజిటల్ కాటా. వేడి పది డిగ్రీలు పెరిగితే పనిచేసుకునే టైము దాదాపు సగానికి పడిపోతుంది, లోతు గ్లాసులో కలిపితే దాని వేడికి అదే ఉడికి పొగ వస్తుంది, వెడల్పు పళ్ళెంలో కొంచెం కొంచెం కలుపుకోండి. ముందు పల్చటిది రాసి కర్రని తాగనివ్వాలి, తర్వాత సిలికా పొడి కలిపి వెన్నలా చిక్కగా చేసి పూసి, క్లాంపు బిగించాలి, మరీ పిండేసేలా బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. మన సముద్రపు గాలిలో ఎపాక్సీ ఆరాక పైన మైనంలా జిడ్డు తేలుతుంది, నీళ్ళూ స్క్రబ్బరూ పెట్టి కడగాలి, కడగకుండా తర్వాతి పొర వేస్తే అది అంటదు. పైన వేసే గుడ్డ కూడా మామూలు మ్యాట్ కాదు, మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీకి సరిగ్గా కరగదు. కుట్టిన బయాక్సియల్ క్లాత్ తెప్పించు, పోగులు ఏటవాలుగా రెండు దిక్కులా ఉంటాయి, ఆ మెలికి సరిపోయేది అదే. ఒక్కో పొర కిందదానికన్నా కొంచెం చిన్నగా, అంచులు మెట్లు మెట్లుగా దిగాలి, మూలల్లో ముందు చిక్కటి ఎపాక్సీతో గుండ్రంగా నింపాకే గుడ్డ. ఇంకో మాట, నీకు తెలియకపోవచ్చు, మేస్త్రి దగ్గర పాలిస్టర్‌ని త్వరగా గట్టిపరిచే కోబాల్టు ద్రావణమూ, హార్డెనరూ రెండూ ఉంటాయి, ఆ రెండిటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది, ఇంట్లో పిల్లలుంటే వేరు వేరు గదుల్లో పెట్టు.

పాత బోల్టు కన్నాలని పెద్దగా తొలిచి చిక్కటి ఎపాక్సీతో నింపి, ఆరాక మధ్యలో మళ్ళీ సరైన సైజు కన్నం వేస్తే బోల్టు కర్రని తాకదు, సీలెంట్ ఎప్పుడైనా పోయినా వాన కర్రలోకి దిగదు. లోపల వాషర్ ఒక్కటే సరిపోదు, వెడల్పు ప్లేటు పెట్టు.

దసరా సంగతి. వద్దు తమ్ముడూ. కర్రలో తేమ 15 శాతం లోపుకి రావాలి, 12 అయితే మరీ మంచిది, జూన్ నుంచి మన దగ్గర గాలే తడి, అది ఆరదు. పైగా అక్టోబర్ మన తీరానికి ఎలాంటి నెలో నీకు నేను చెప్పాలా, 2013లో ఫైలిన్ 12న గోపాల్‌పూర్ దగ్గర దాటింది, 2018లో తిత్లీ 11న పలాస దగ్గర. ఇప్పుడు వానలకి ముందే దూలం విప్పి, కుళ్ళు కోసేసి, మీద రేకుల షెడ్డో టార్పాలినో వేసి, గాలి ఆడేలా వదిలెయ్యి, పడవ తేలిక కాబట్టి గాలి కింద దూరి ఎత్తకుండా మధ్య పడవని నాలుగు వైపులా నేలలో పాతిన గుంజలకి కట్టు. నవంబర్ చివర్లో అతుకు పని మొదలుపెడితే సంక్రాంతి దాటాక పూర్తవుతుంది.

దించే ముందు ఒక పరీక్ష. మధ్య పడవ కింద దుంగలు అంగుళం దించి, రెండు ఫ్లోటులని దూలాల దగ్గర ఆనించి మధ్య పడవని వేలాడనివ్వు, నీళ్ళలో బరువు పడేది కూడా ఆ దిక్కులోనే. దారం లాగి ఎడమ దూలం ఎంత వంగింది, కుడి దూలం ఎంత వంగింది కొలువు. అంగుళం కింద దుంగలు ఉంటాయి కాబట్టి ఏదైనా తేడా వచ్చినా కూర్చుంటుంది, అయినా కిందకి ఎవరినీ వెళ్ళనివ్వకు. రెండూ దగ్గర దగ్గరగా వంగి, బరువు తీశాక మళ్ళీ మొదటి కొలతకి వస్తే నాకు ధైర్యం.

అమ్మ మాట కూడా కొట్టెయ్యకు. నాలుగు కొసల్లో ఒకటి పోతే తప్పకుండా బాగుచెయ్యొచ్చు, రెండు పోయినా ఓపికుంటే చెయ్యొచ్చు. మూడు పోయి, స్తంభం కింద అడ్డగోడ కూడా మెత్తబడి ఉంటే మాత్రం కొత్త పడవ కట్టినంత పని, అప్పుడు స్తంభం, తెరచాపలు, తాళ్ళు లాగే వించీలు విప్పి దాచుకుని మిగతాది వదిలెయ్యమనే చెప్తాను, మావయ్య గుర్తుగా చుక్కాని పిడి ఇంట్లో పెట్టుకో. నువ్వు ఆ పడవ ఎక్కి ప్రాణం మీదకి తెచ్చుకోవాలని ఆయన కోరుకుని ఉండడు.

ఈ వారంలో సుత్తి పరీక్ష చేసి, చాక్‌పీసు గీతలు కనపడేలా నాలుగు కొసలవీ ఫోటోలు తియ్యి, లాగిన బోల్టులు వరసగా పేపరు మీద పెట్టి పక్కన స్కేలు పెట్టి ఒకటి తియ్యి, పక్క తీగలు ఫ్లోటు మీదకి వచ్చాయా మధ్య పడవ అంచుకే వచ్చాయా రాయి, అవన్నీ పంపు. వాటిని చూశాక ఎంత దూరం కొయ్యాలో చెప్తాను, అప్పటిదాకా మేస్త్రికి అడ్వాన్స్ ఇవ్వకు.